లారీ కుదుపులకి మందు: డబ్బులు ముందు యాక్సిల్ మీద పెట్టు తమ్ముడూ

ప్రశ్న: అన్నా నమస్తే. మాది రాయగడ. సొంత లారీ, డ్రైవర్ని కూడా నేనే. పది టైర్ల బండి, 2016 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆర్‌సీలో 25 టన్నులు. పదీ నైలాన్ టైర్లే, 10.00-20 సైజు. జేకేపూర్ నుంచి పేపర్ రీళ్ళు విశాఖ వైపు తీసుకెళ్తాను, తిరుగు లోడు దొరికితే సిమెంటు, దొరక్కపోతే ఖాళీ. కూనేరు దాటి కొమరాడ చేరేసరికి నడుం పడిపోతోంది. ఖాళీ బండితో వచ్చేటప్పుడు మరీ ఘోరం. ఈమధ్య ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది కూడా. టైర్ల షాపాయన పదీ తీసేసి ట్యూబ్‌లెస్ రేడియల్ వేయించమంటున్నాడు. సాలూరులో మేస్త్రి వెనక కమాన్ కట్టల్లోంచి రెండేసి పట్టీలు తీసేస్తే బండి మెత్తబడుతుందంటున్నాడు. మా బావమరిది ఎయిర్ సస్పెన్షన్ పెట్టించమని రోజుకో వీడియో పంపిస్తున్నాడు. చేతిలో లక్షన్నర ఉంది. ఏది చెయ్యమంటావు?

జవాబు:

తమ్ముడూ, ఆ ముగ్గురు చెప్పిన మూడు పనుల్లో ఏదీ ఇప్పుడు చెయ్యకు. ముగ్గురూ వెనక టైర్ల గురించీ, వెనక కట్టల గురించీ, లేదంటే మొత్తం బండి గురించీ మాట్లాడుతున్నారు తప్ప నువ్వు కూర్చునేది ఎక్కడో ఒక్కడూ ఆలోచించలేదు. మన లారీల్లో డ్రైవర్ సీటు దాదాపుగా ముందు యాక్సిల్ నెత్తి మీదే ఉంటుంది. ముందు చక్రం గోతిలో పడితే ఆ దెబ్బ టైరు, కమాన్ (ఇనుప పట్టీలు కట్టగా పేర్చిన స్ప్రింగు), ఛాసిస్, క్యాబిన్ రబ్బర్లు, సీటు, ఇవన్నీ దాటుకుని నీ నడుముకి తగులుతుంది. నీ లక్షన్నర ఈ దారి పొడుగునా ఖర్చు పెడితే ఫలితం కనిపిస్తుంది, వెనక ఎనిమిది టైర్ల మీద పోస్తే షాపాయనకి కనిపిస్తుంది.

ముందు బరువుల లెక్క చూద్దాం, ఎందుకంటే ఖాళీలో ఎందుకు ఘోరంగా ఉంటుందన్నది దీంట్లోనే ఉంది. 25 టన్నుల బండి అంటే ముందు యాక్సిల్ మీద 6 టన్నులు, వెనక రెండు యాక్సిళ్ళ మీద కలిపి 19 టన్నులు. వెనక ఎనిమిది టైర్లకి పంచితే ఒక్కో దానిమీద 2,375 కిలోలు. అదే ఖాళీగా ఉన్నప్పుడు బాడీని బట్టి వెనక మొత్తం ఐదారు టన్నులే ఉంటుంది, అంటే టైరుకి ఏడు వందల కిలోలకి అటూ ఇటూ. అంటే మూడింతలు పైగా బరువు మొయ్యడానికి కట్టిన కట్ట మీద మూడో వంతు కూడా లేదన్నమాట. అది వంగదు గాక వంగదు, బండి వెనక భాగం రోడ్డు మీద ఎగురుతూనే పోతుంది. దానికి మందు లేదు, అంటే మామూలు కమాన్ కట్టలతో లేదు. కానీ ముందు సంగతి వేరు. లోడుతో 6 టన్నులుంటే ఖాళీలో నాలుగు దగ్గర ఉంటుంది, తేడా అంత పెద్దది కాదు. కాబట్టి ముందు కమాన్లనీ టైర్లనీ ఒక పద్ధతిలో పెట్టుకుంటే లోడుతో వెళ్ళినా ఖాళీగా వచ్చినా పని చేస్తాయి. వెనక ఎగిరితే ఆ ఊపుకి క్యాబిన్ కూడా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కాదనను, కానీ నడుం విరగ్గొట్టే దెబ్బ మాత్రం నీ కింద నుంచే వస్తోంది.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పని. టైర్లలో గాలి ఎంత ఉందో నువ్వు రాయలేదు. మన వైపు పంచరు షాపుల సంగతి నాకు తెలుసు, లారీ కనపడగానే అడక్కుండా ముందూ వెనకా అన్నిటికీ ఒకటే కొడతారు, 130, 140 దాకా పోయేవాళ్ళున్నారు, 'బండి నిలబడాలి కదా' అంటారు. గాలి ఎక్కువైన టైరు అడుగున మధ్య భాగం మీదే నిలబడుతుంది, చిన్న రాయి తగిలినా లోపలికి నొక్కుకోదు, ఆ దెబ్బని నేరుగా కమాన్‌కి అప్పజెబుతుంది. అరుగుదల చూస్తే తెలిసిపోతుంది. నడుమ గాడి నున్నగా అయిపోయి రెండు అంచులూ కొత్తగా ఉంటే గాలి ఎక్కువ, అంచులు అరిగి నడుమ నిలిచి ఉంటే తక్కువ. టైరు గోడ మీద అచ్చేసి ఉన్న పీఎస్‌ఐ అంకె ఆ టైరు మొయ్యగల గరిష్ఠ బరువుకి కావలసిన గాలి. దాన్ని దాటడం ఎప్పుడూ తప్పే, అంత బరువు లేనప్పుడు అంత గాలి అక్కర్లేదు కూడా. ఎంత కావాలో తెలియాలంటే లోడుతో ఉన్నప్పుడు ఒకసారి కాటాకి తీసుకెళ్ళి ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీదకి ఎక్కించి తూకం వేయించు. తర్వాత వెనక రెండు యాక్సిళ్ళూ ఎక్కించి ఇంకో తూకం. ఆ రెండు అంకెలు జేబులో ఉంటే, టైరు కంపెనీ వాళ్ళ దగ్గర బరువుకి తగ్గ గాలి పట్టిక ఉంటుంది, డీలర్‌ని అడిగితే ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆయన దగ్గర టైరు కొనకు.

గాలి చూసేది పొద్దున్నే, బండి కదలకముందు. నడిచిన టైరు వేడెక్కుతుంది, అందులో గాలి పది పదిహేను పీఎస్‌ఐ పెరగడం మామూలే. అది చూసి కంగారుపడి సాలూరు ఘాట్ దిగాక గాలి వదిలేసేవాళ్ళని చూస్తుంటాను. అది మాత్రం చెయ్యకు. చల్లబడ్డాక ఆ టైరులో గాలి తక్కువైపోతుంది, గోడలు అతిగా మడతపడి ఇంకా వేడెక్కుతాయి, టైరు పగిలేది అప్పుడే. ఖాళీ బండి కదా అని వెనక టైర్లలో గాలి తీసి మళ్ళీ లోడు దగ్గర నింపుకోవడం కూడా రోజూ జరిగే పని కాదు, మర్చిపోయిన రోజున జంట టైర్లు రెండూ పోతాయి. వెనక లోడుకి తగ్గట్టే ఉంచు, ముందు మాత్రం తూకం ప్రకారం పెట్టు. ఖాళీలో ఆ రోడ్డు మీద కాస్త కాలు తగ్గించు.

తర్వాత, నీకు తగిలే కుదుపు ఏ రకందో చూసుకో. మంచి రోడ్డు మీద, అంటే విజయనగరం దాటాక గోతులు లేని చోట కూడా 50, 60 వేగం దగ్గర సీటు అదురుతోందా? అయితే అది రోడ్డు తప్పు కాదు, చక్రంలో ఉంది. నీ సైజు టైరు ఒక చుట్టు తిరిగితే మూడుంపావు మీటర్లకి దగ్గరగా పోతుంది. గంటకి 60 కిలోమీటర్లంటే చక్రం సెకనుకి ఐదు చుట్లు. టైరు ఒకచోట ఉబ్బినా, రిమ్ వంగినా, రీట్రేడ్ (అరిగిన టైరుకి వేసే కొత్త రబ్బరు పొర) వంకరగా అతికినా సెకనుకి ఐదు దెబ్బలు. మనిషి వెన్నుకి అన్నిటికన్నా చేటు చేసేది సెకనుకి 4 నుంచి 8 సార్లు పైకీ కిందకీ కొట్టే కుదుపేనని దీనిమీద పరిశోధన చేసినవాళ్ళంతా చెప్తారు. ఇంకేం, సరిగ్గా అందులోనే పడింది. పెద్ద గోతిలో పడ్డప్పుడు ఒక్కసారి గుండె ఝల్లుమంటుంది గానీ, నడుముని నెమ్మదిగా తినేసేది ఈ సన్న అదురే. ముందు చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పు. పక్కన నేల మీద ఒక ఇటుకో రాయో టైరుకి వేలెడు దూరంలో పెట్టుకుని చూస్తే, టైరు తిరుగుతున్నప్పుడు ఆ సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే టైరు గుండ్రంగా లేనట్టు. అలాంటి దాన్ని బ్యాలెన్సింగ్ కూడా బాగు చెయ్యలేదు.

గోతిలో పడ్డప్పుడు మాత్రమే దెబ్బ తగిలి 'టక్'మని ఇనుము చప్పుడు వస్తే కమాన్ వంగడం లేదు, లేదా పూర్తిగా వాలిపోయి కింద రబ్బరు బఫర్‌కి కొట్టుకుంటోంది. గోయి దాటాక కూడా రెండు మూడు సార్లు క్యాబిన్ ఊగుతూనే ఉంటే షాక్ అబ్జార్బర్లు పోయాయి. ఈ షాకర్లు చూడ్డానికి మేస్త్రి అక్కర్లేదు. గోతుల రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు నడిపి బండి ఆపి, వెంటనే దిగి రెండు షాకర్లనీ చేత్తో ముట్టుకో, జాగ్రత్తగా. పని చేసే షాకరు వేడిగా ఉంటుంది, ఎందుకంటే ఊపుని వేడిగా మార్చడమే దాని పని. చల్లగా ఉన్నది బండికి ఊరికే వేలాడుతున్నట్టే. ఒకటి వేడిగా ఒకటి చల్లగా ఉంటే రెండూ మార్చాలి, ఒక్కటి కాదు. మన రోడ్ల మీద ముందు షాకర్లు పోయి ఎన్నేళ్ళయిందో తెలియని బళ్ళు బోలెడు తిరుగుతున్నాయి. ఆయిల్ కారి, దానిమీద దుమ్ము పట్టి గట్టి పొరలా ఉంటుంది, డ్రైవర్ మాత్రం రోడ్డుని తిడుతూ ఉంటాడు.

ఇక కమాన్లు. నీది సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ముందుగా చెయ్యాల్సింది పట్టీలు లెక్కపెట్టడం. ముందు కట్టలోనూ వెనక కట్టలోనూ కంపెనీ ఇచ్చిన పట్టీలెన్ని, ఇప్పుడున్నవెన్ని. ఇనుప ఖనిజమో బాక్సైటో తోలిన బండి అయితే పాత ఓనరు ఓవర్‌లోడు కోసం ఎక్స్‌ట్రా పట్టీలు వేయించే ఉంటాడని నా అనుమానం. కట్ట పక్కన ఒంగుని చూస్తే కనిపిస్తుంది, మిగతా వాటితో రంగు కలవని పట్టీ ఒకటుంటుంది, తుప్పు వేరేగా ఉంటుంది. కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టు చివర నట్టు దాటి రెండు మూడు మరలు బయటికి కనపడాల్సింది పోయి నట్టు అంచుతో సమానంగా ఆగిపోయి ఉంటుంది, ఎందుకంటే కట్ట మందం పెరిగింది గానీ బోల్టు పొడుగు పెరగలేదు కదా. అది కుదుపు సంగతే కాదు, ప్రాణం సంగతి. అలాంటివి ఉంటే తీసేయించి కంపెనీ లెక్కకి తీసుకురా, బోల్టులు కొత్తవి వేయించు. సగం బాధ అక్కడే పోవచ్చు.

కానీ మీ సాలూరు మేస్త్రి చెప్పినట్టు కంపెనీ ఇచ్చిన పట్టీలే తీసెయ్యడం వేరే సంగతి. సాలూరు మేస్త్రీల చేతి పని మీద నాకు గౌరవం ఉంది, లారీలంటే సాలూరే గుర్తొచ్చేంత పేరు ఊరికే రాలేదు. ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను. రెండు పట్టీలు తీస్తే ఆ బరువు మిగతా వాటి మీద పడుతుంది, రీళ్ళ లోడుతో సుంకి ఘాట్ లాంటి మలుపుల్లో ఒక పక్కకి వాలినప్పుడు మెయిన్ పట్టీ విరిగితే యాక్సిల్ పక్కకి జరుగుతుంది. స్టీరింగ్ ఎటు తిప్పినా బండి దానికి ఇష్టం వచ్చిన వైపు పోతుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలకి తేడా వచ్చేలా బండిలో మార్పులు చెయ్యకూడదు. నువ్వు చేయించింది అందులోకి వస్తుందా రాదా అన్న వాదన యాక్సిడెంట్ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళతో పెట్టుకోవడం నీకు అవసరమా? ఓవర్‌లోడు సంగతి ఎలాగూ తెలిసిందే, 2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకి మరో 2 వేలు. ఎక్స్‌ట్రా పట్టీలు తీసేస్తే ఇంకో లాభం, ఓవర్‌లోడు వెయ్యమని బ్రోకరు పట్టుబట్టినప్పుడు 'బండి మోయదు' అని నిజమే చెప్పొచ్చు.

లెక్క సరిగ్గానే ఉన్నా బండి గట్టిగా ఉంటే పట్టీల మధ్య తుప్పు చూడు. కట్ట వంగినప్పుడు పట్టీలు ఒకదానిమీద ఒకటి జారాలి. వర్షాకాలం నీళ్ళు, ఎర్ర దుమ్ము దూరి దూరి ఎండాక అన్నీ కలిసి ఒకే దిమ్మలా అయిపోతాయి. అప్పుడు పెద్ద గోతికి మాత్రమే కదులుతుంది, చిన్నా చితకా దెబ్బలన్నీ నీకే. ముందు కట్టలు రెండూ దింపించి, విప్పి, వైరు బ్రష్షుతో తుప్పు గీకించి, విరిగిన, చీలిక పడిన పట్టీలు మార్పించి, గ్రాఫైట్ గ్రీజు రాయించి కట్టించు. వంపు పోయి చదునైపోతే వంపు తిరిగి పెట్టించడం కన్నా కొత్త కట్ట మేలు, వేడి పెట్టి వంచిన ఇనుము ఎంతకాలం నిలుస్తుందో కొట్టినవాడి చేతిని బట్టి ఉంటుంది. కట్ట చివర్లని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ పిన్నులు, బుష్‌లు అరిగి ఉంటే అదే చేతితో మార్చెయ్. చాలామంది కట్టల మీద కాలిన ఆయిల్ చల్లుతారు. రెండు రోజులు మెత్తగా ఉన్నట్టుంటుంది, తర్వాత దుమ్మంతా దానికి అంటుకుని గరుకు కాగితంలా రాస్తుంది, రబ్బరు బుష్‌లని కూడా తినేస్తుంది. కట్టలు బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, లోడు ఉన్నప్పుడే యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. మేస్త్రి చెప్పకపోయినా నువ్వే గుర్తుపెట్టుకుని వెళ్ళు.

నీ మోడల్‌కి ముందు వైపు కంపెనీయే పారాబొలిక్ కట్టలు ఇస్తుందేమో షోరూంలో అడుగు. మామూలు కట్టలో పట్టీలు ఎక్కువ, మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందం. పారాబొలిక్‌లో రెండు మూడే ఉంటాయి, నడుమ లావుగా చివరలకి పల్చగా ఉంటాయి, పట్టీకి పట్టీకి మధ్య సందు ఉంటుంది కాబట్టి రాపిడి తక్కువ, చిన్న దెబ్బలకి కూడా కదులుతాయి. అందుకే వాటికి షాకర్లు బాగుండి తీరాలి, లేకపోతే బండి పడవలా ఊగుతుంది. నీ బండికి కంపెనీ పార్టుగా దొరికితేనే వేయించు. వేరే మోడల్‌ది తెచ్చి బ్రాకెట్లు వెల్డింగ్ చేసి పెడతామంటే వద్దు.

టైర్ల దగ్గరికొద్దాం. రేడియల్ మంచిదే, షాపాయన అబద్ధం చెప్పలేదు. నైలాన్ టైరులో దారాల పొరలు ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి, గోడా అడుగూ ఒకే గట్టిదనం. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి నిలువుగా పోతాయి, అడుగు కింద మాత్రం స్టీలు బెల్టులు ఉంటాయి, కాబట్టి అడుగు రోడ్డుని పట్టుకుని ఉంటే గోడ విడిగా మడతపడి చిన్న దెబ్బల్ని మింగేస్తుంది. వేడి తక్కువ, డీజిల్ కాస్త కలిసొస్తుంది. దాని బలహీనత కూడా ఆ గోడలోనే ఉంది, పదునైన రాయి తగిలితే కోసుకుపోతుంది, ఓవర్‌లోడుకి త్వరగా చచ్చిపోతుంది. బాఫ్లిమాలి వైపో పంచపట్మాలి వైపో గనుల్లోకి వెళ్ళే బండివైతే నైలాన్ లగ్ టైర్లే (అడుగున లావు గడ్డలున్నవి) ఉంచుకోమనేవాణ్ణి. నువ్వు తిరిగేది తారు రోడ్డు, ఎంత గోతులున్నా తారే. నీకు రేడియల్ పనికొస్తుంది.

అయితే పది అక్కర్లేదు, మూడు చాలు. ముందుకి రెండు, స్టెఫినీకి ఒకటి. వెనక జంట టైర్లున్న లారీలో ముందు యాక్సిల్ అంతా రేడియల్, వెనక అంతా నైలాన్ ఉండొచ్చు. ఒకే యాక్సిల్ మీద ఒక పక్క ఇది, ఒక పక్క అది మాత్రం ఎప్పుడూ వద్దు, వెనక జంటలో అసలే వద్దు. ముందు రేడియల్ పంచరైతే నైలాన్ స్టెఫినీ వేసుకుని రాయగడ దాకా వచ్చేద్దామనుకుంటావు కదా, అందుకే మూడోది. 10.00 ఆర్ 20 ట్యూబు టైపు తీసుకుంటే నీ పాత రిమ్ముల మీదే కూర్చుంటుంది, ట్యూబూ, ట్యూబుకీ రిమ్ముకీ మధ్య వేసే ఫ్లాపూ మాత్రం రేడియల్‌కి వేసేవే కొత్తవి అడుగు, పాత నైలాన్ ట్యూబు దూర్చి ఇస్తే ఒప్పుకోకు. ట్యూబ్‌లెస్ అంటే 22.5 అంగుళాల వేరే రిమ్ములు. పదింటికీ, స్టెఫినీకీ రిమ్ములు కూడా కొనాలంటే నీ లక్షన్నర ఎక్కడికీ సరిపోదు, కుదుపు విషయంలో ట్యూబు రేడియల్‌కీ దానికీ నడుముకి తెలిసేంత తేడా ఉండదు. పంచరు పడితే గాలి నెమ్మదిగా దిగుతుంది, బరువు తగ్గుతుంది, ఆ లాభాలు నిజమే. తర్వాత బండి మార్చినప్పుడు చూసుకో.

కొనేటప్పుడు గోడ మీద 146/143 లాంటి అంకె ఉంటుంది. 146 అంటే ఒంటిగా 3,000 కిలోలు, 143 అంటే జంటలో ఒక్కోటి 2,725 కిలోలు మోస్తుందని. నీ ముందు యాక్సిల్ 6 టన్నులకి రెండు టైర్లు, అంటే సరిగ్గా 3,000, అంతకన్నా తక్కువ అంకె ఉన్నది తీసుకోకు. ముందుకి రిబ్ డిజైన్ (టైరు చుట్టూ గాళ్ళున్నది) మాత్రమే, లగ్ ముందు వేస్తే ఆ గడ్డలు రోడ్డు మీద కొట్టే అదురు అంతా స్టీరింగ్‌లోకి వస్తుంది. కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని. రెండేళ్ళు గోడౌన్‌లో పడున్నది కొత్త రేటుకి అంటగట్టే ఘనులుంటారు. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, బిల్లు తీసుకుని చూడు. ఒక్కో టైరు ఇరవై వేలు దాటుతుంది, మూడూ కలిపితే నీ డబ్బులో సగం లోపు. వేయించిన రోజే ముందు అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కూడా. అయితే ముందు చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ ఆడుతుంటే ముందు అది బాగు చేయించు, లేకపోతే అలైన్‌మెంట్‌కి ఇచ్చిన డబ్బు దండగ.

వెనక టైర్లు అరిగేదాకా అరగనివ్వు. ఒక్కటి మాత్రం చూడు, జంటలో రెండూ ఒకే ఎత్తు ఉండాలి. నీ సైజుకి వ్యాసంలో తేడా 12 మిల్లీమీటర్లు దాటితే పెద్దదే బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది. పాత టైరు పక్కన కొత్త రీట్రేడ్ వేసే అలవాటు మనవాళ్ళకి బాగా ఉంది.

ఎయిర్ సస్పెన్షన్ గురించి నీ బావమరిది పంపిన వీడియోలు అబద్ధం కావు. రబ్బరు బెలూన్లలో గాలి, దాన్ని లోడుని బట్టి పెంచి తగ్గించే లెవెలింగ్ వాల్వు, కాబట్టి ఖాళీలోనూ లోడులోనూ ఒకే మెత్తదనం. నేను పైన చెప్పిన మూడింతల తేడా సమస్యకి అసలైన పరిష్కారం అదే. పెద్ద బస్సుల్లో అందుకే వాడతారు. కానీ నీ బండికి అది ఫ్యాక్టరీలో వచ్చింది కాదు. ఛాసిస్‌కి కన్నాలు వెయ్యాలి, బ్రాకెట్లు పెట్టాలి, బ్రేకులకి గాలిచ్చే కంప్రెసరు మీదే ఈ బరువూ పెట్టాలి. లక్ష్మీపూర్ దగ్గర రాత్రిపూట బెలూన్ చిరిగితే బాగు చేసేవాడెవడు? వద్దు.

మిగిలిన డబ్బు సీటు మీద పెట్టు. మనవాళ్ళు టైర్ల గురించి గంటలు మాట్లాడతారు గానీ, ఎనిమిదేళ్ళ కిందటి స్పాంజి అణిగిపోయి చెక్క మీద కూర్చున్నట్టున్న సీటు గురించి మాత్రం ఎత్తరు. పైన దిండు వేసుకుంటారు. దిండు కుదుపుని ఆపదు, మనిషిని ఇంకాస్త ఎగరేస్తుంది, కాళ్ళు పెడల్‌కి అందక ఇంకా ముందుకి జరుగుతారు. లోపల స్ప్రింగూ షాకరూ ఉన్న సస్పెన్షన్ సీటు నీ మోడల్‌కి సరిపోయేది దొరుకుతుంది, గాలితో పనిచేసేవి కూడా ఉన్నాయి, అవి ఇంకా మేలు. కింద నీ బరువుకి సరిచేసుకునే నాబ్ ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. తిప్పి, కూర్చున్నప్పుడు సీటు ప్రయాణం నడుమన ఆగేలా పెట్టుకో. క్యాబిన్ కింద రబ్బరు మౌంటింగులు కూడా ఒకసారి టార్చి వేసి చూడు, పగిలి ఇనుము ఇనుముకి తగులుతుంటే కొత్తవి వేయించు, వాటి ఖరీదు మిగతా వాటి పక్కన లెక్కలోది కాదు.

వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చుంటావా? డ్రైవర్లలో చాలామందికి ఉన్న అలవాటిది. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా గంటల తరబడి కూర్చుంటే నడుం ఒంకర తిరగదా మరి. తీసి డాష్‌బోర్డులో పెట్టు.

ఎడమ కాలు తిమ్మిరి మాత్రం నా పరిధిలో లేదు, టైర్లూ కమాన్లూ దాన్ని తగ్గించవు. క్లచ్ తొక్కే కాలు అది. నడుం నుంచి కాల్లోకి లాగుతున్నట్టుంటే, పాదం పట్టు తగ్గినట్టుంటే కొత్త టైర్లు వేయించడానికి ముందే డాక్టర్‌కి చూపించు. మూత్రం విషయంలో తేడా కనిపిస్తే ఆ రోజే వెళ్ళు, లోడు దింపాక చూద్దామనుకోకు. మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కొట్టి బండి తీస్తావు, మంచిదే, ఆ తల్లి కూడా ముందు ఆసుపత్రికి వెళ్ళి రమ్మంటుంది.

చివర్లో నువ్వు అడగనిది ఒకటి. ఇంత ఖర్చు పెట్టే బదులు బండి మార్చేస్తే పోలా అని ఎవరో ఒకరు అనకమానరు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీలకి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి, జీఎస్టీ కూడా తగ్గింది, ఆశ పుట్టడం సహజం. కానీ ఇప్పుడున్న బండికి అప్పు లేకపోతే ముందు పైన చెప్పినవి చేయించి ఒక వర్షాకాలం నడిపి చూడు. అప్పటికీ మార్చాలనిపిస్తే, షోరూం వాడు నున్నటి హైవే మీద తిప్పి చూపిస్తే సంతకం పెట్టకు. ఖాళీ బండిని కొమరాడ రోడ్డు మీదకి నువ్వే తోలి, వాణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకో.